జానెడు వైరు

ఉదయం ఎనిమిదింటికి మరదలు వెనక దొడ్లోకి వచ్చి మొదట చేసే పని వైరు కొలవడం. టీ తాగేది ఆ తర్వాతే. మొగుడి అక్క అయిన వదిన వంటింటి కిటికీ దగ్గర నుంచి రంపం దాకా టేపు పట్టి, చెవి మీది పెన్సిలు తీసి గోడ మీద అంకె వేస్తుంది. సోమవారం పదకొండు అడుగులు. మంగళవారం తొమ్మిదిన్నర. బుధవారానికి ఏడు.

"నిద్రలో కూడా కోపమే మనిషికి" అని గొణుక్కుని, రంపాన్ని బల్లతో సహా కిటికీ వైపు ఇంకాస్త లాగుతుంది. ఎన్నిసార్లని లాగుతుంది? అందుకే బల్లకు బోల్టులు బిగించడం ఎప్పుడో మానేసింది. ఆ తర్వాత చెక్కముక్కతో కిటికీ చువ్వ మీద మూడుసార్లు కొడుతుంది. లోపల వదిన వింటుంది. విని, పొయ్యి తుడిచి, గిన్నెలు బోర్లించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు స్విచ్ వేస్తుంది.

అది మైటర్ సా. చెక్కను కావలసిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం. దాంతో మరదలు ఫొటోలకూ అద్దాలకూ ఫ్రేములు చేస్తుంది. ఇల్లు రెండు వాటాలైనప్పుడు దొడ్డి మరదలికి వచ్చింది, అంత బరువు లాగగల ప్లగ్గు మాత్రం వదిన వంటింట్లో ఉండిపోయింది. మరదలి వాటాలో ఆ రంపం పెడితే ఫ్యూజు కొట్టేస్తుంది.

ఇక వైరు సంగతి. ఆ ఇంట్లో మనుషులకు కోపాలొస్తే వైర్లు కుంచించుకుపోతాయి. ఇల్లు కట్టిన నాటి నుంచీ అంతే, ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. ముసలాళ్ళిద్దరూ, అంటే మరదలి అత్తమామలు, బతికున్న రోజుల్లో వాళ్ళ టేబుల్ ఫ్యాను ఏడాదిలో ఆరునెలలు గోడకు అంటుకుపోయి ఉండేది. మొన్న ఎలక్ట్రీషియన్ వచ్చి వైరంతా చేత్తో తడిమి చూసి, "వైరు మంచిదేనమ్మా. మీ ఇద్దరికీ మాటల్లేవా?" అని అడిగాడు. లేవంది మరదలు. "అయితే కొత్తది వేసినా ఇంతే" అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెస్తే మొదటి రోజే అది కూడా ముడుచుకుపోయింది.

దీంతో వచ్చిన చిక్కేమిటంటే, వైరు తగ్గేకొద్దీ రంపం కిటికీకి దగ్గరవుతుంది. రంపం దగ్గరయ్యేకొద్దీ పొట్టు వంటింట్లో పడుతుంది. వదిన పాల మీద మీగడకు బదులు పొట్టు కడుతుంది. ఆవిడకు ఒళ్ళు మండుతుంది, వైరు ఇంకో అడుగు తగ్గుతుంది. ఇలా ఏ రోజుకారోజు పుండు మీద కారం చల్లుకుంటూ ఇద్దరూ నెగ్గుకొస్తున్నారు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ ఈ వదిన పెత్తనం కోసం గొడవపడే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఆవిడ కడుపుమంట వేరు. తండ్రి వడ్రంగి. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ ఆయన కోస్తుంటే చెక్క కొస పట్టుకుని నిలబడింది ఆ పిల్ల. ఇరవై ఏళ్ళు పట్టుకుంది. పోస్టాఫీసు నుంచి వచ్చి కూడా పట్టుకుంది. ఒక్కసారి నేను కోస్తా నాన్నా అంటే, నీకెందుకమ్మా, కొస పట్టుకో అన్నాడే తప్ప రంపం చేతికివ్వలేదు. తీరా ముసలితనంలో చేతులు వణకడం మొదలయ్యాక, కొడుకు ఎందుకూ పనికిరాడని తేలాక, కోడలిని పిలిచి రంపం ముందు నిలబెట్టాడు. పోయే ముందు తన చెవి మీది పెన్సిలు తీసి కోడలి చెవి మీద పెట్టాడు. అది చూసినప్పటి నుంచీ వదినకు ఆ పెన్సిలు కనబడితే పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుంది.

మరదలేమైనా తక్కువ తిందా? "మామగారు నాకే ఎందుకు నేర్పారో ఆయన్నే అడగమను" అని ఒకసారి దొడ్లో నిలబడి గట్టిగా అంది. ఆ రోజు గోడ మీద అంకె పదిహేను నుంచి పన్నెండుకు పడింది.

ఇలా ఉండగా ఊరి లైబ్రరీ వాళ్ళు ఇరవై నాలుగు ఫ్రేములు అడిగారు. హాల్లో పాత ఫొటోలు పెడుతున్నారట. గట్టి చెక్కతో కావాలి, వచ్చే శుక్రవారం పన్నెండింటికి వ్యాను వస్తుంది. ఇవి నచ్చితే లైబ్రరీ చెక్కపనంతా ఆమెకే ఇస్తారు, లేకపోతే ఫ్యాక్టరీ సరుకు తెచ్చుకుంటారు. తొంభై ఆరు ముక్కలు, నూట తొంభై రెండు కోతలు. ఇన్నాళ్ళూ అద్దానికొకటి, పెళ్ళిఫొటోకొకటి చేసుకుంటూ వచ్చిన మనిషికి ఇంత పని రావడం ఇదే మొదటిసారి. గోడ మీద అంకె చూసింది. ఆరున్నర. ఈ లెక్కన శుక్రవారానికి వదిన ఒళ్ళో కూర్చుని కొయ్యాలి అనుకుని, బ్యాటరీ రంపం కొనుక్కోవడానికి బయలుదేరింది.

మొగుడిని సలహా అడిగితే, వైరుది మంచిదే, బ్యాటరీది కూడా మంచిదే అన్నాడు. అక్కకూ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతున్నవాడు ఇంకేం అంటాడు. వదిన మాత్రం కిటికీలోంచి, గిన్నెతో మాట్లాడుతున్నట్టుగా, చేతకానివాళ్ళకి వైరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అంది.

పనిముట్ల షాపతను రెండు మిషన్లూ బల్ల మీద పెట్టాడు. వైరు మిషన్ పొద్దున పెడితే సాయంత్రం దాకా ఒకే ఊపున కోస్తుందనీ, ఎంత గట్టి చెక్కయినా దానికి లెక్కలేదనీ చెప్పాడు. బ్యాటరీది తేలిక, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, కానీ చార్జింగు సగం దిగిందంటే గట్టి చెక్కలో గింజుకుంటుంది.

"ఇంట్లో పని చేసుకునేవాళ్ళకి వైరుదే నయం. మీకు ప్లగ్గు ఎంత దూరంలో ఉంది?"

"అది మా వదిన కోపాన్ని బట్టి ఉంటుందండీ" అంది మరదలు.

షాపతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "అయితే బ్యాటరీదే తీసుకోండి" అన్నాడు. నచ్చకపోతే పదిరోజుల్లో వెనక్కి తెమ్మన్నాడు.

కొత్త రంపాన్ని మరదలు దొడ్డి చివర, కిటికీకి వీలైనంత దూరంలో పెట్టుకుంది. మూడు రోజులు ప్రాణం హాయిగా ఉంది. చువ్వ మీద కొట్టే పని లేదు, ఎవరి చేతులు తుడుచుకోవడం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. వదిన పాలల్లో పొట్టు పడటం మానేసింది. దాంతో ఆవిడ కోపం తగ్గి ఉంటుందనుకుంటే పొరపాటే. అడగకుండానే తన స్విచ్‌తో పని లేకుండా పోయిందని ఆవిడ మరింత రగిలిపోయింది. కిటికీ కింద వాడకుండా పడున్న వైరు రంపం బల్లతో సహా దానంతటదే ఈడ్చుకుంటూ గోడ దాకా వెళ్ళి ఆనుకుంది.

షాపతను అబద్ధమేం చెప్పలేదు. చార్జింగు నిండుగా ఉన్నంతసేపూ కొత్త రంపం వెన్నలో కత్తిలా దిగింది. తగ్గేకొద్దీ చెక్కలో ఇరుక్కుని మూలిగింది, అంచులు నల్లగా మాడ్చింది. మాడిన ముక్కల మూలలు కలవవు. చెడగొట్టినవి చెడగొట్టగా, శుక్రవారం పదింటికి ఇరవై ఫ్రేములు తయారయ్యాయి. నాలుగు మిగిలాయి. ఉన్న రెండు బ్యాటరీలూ పడుకున్నాయి. మళ్ళీ లేవాలంటే గంటన్నర పడుతుంది.

మరదలు దొడ్డి చివర నుంచి కిటికీ వైపు చూసింది. అక్కడికి వెళ్ళడం కన్నా చావు నయమనిపించింది. కానీ ఇరవై ఫ్రేములు చేసి నాలుగింటి కోసం పని పోగొట్టుకుంటే ఆ కిటికీలోంచి వినబడబోయే మాటలు కూడా తలుచుకుంది. చెక్కలు చంకలో పెట్టుకుని వెళ్ళింది.

వైరు మూరెడుంది. అది కిటికీలోంచి రంపానికి కుడిపక్కగా దిగి ఉంది. రంపం కిటికీ మెట్టుకు ఆనుకుని ఉంది. ఇక్కడ నిలబడి తల ఎత్తితే పొయ్యి మీద పాలగిన్నె, దాని వెనక వదిన మొహం. మరదలు చువ్వ మీద మూడుసార్లు కొట్టింది. వదిన ఆ రోజు గరిటెలు కూడా కడిగింది. స్విచ్ పడేసరికి పదిన్నర.

మూడు ఫ్రేములు గంటలో అయిపోయాయి. వైరు రంపం ఎక్కడా మూలగలేదు. పొట్టు ఎగిరి పాలల్లో పడుతోంది. వదిన పళ్ళు కొరుకుతోంది, మరదలు తల ఎత్తడం లేదు.

ఆఖరిది అన్నిటికన్నా చిన్న ఫ్రేము. లైబ్రరీ మొదలుపెట్టిన ఆయన ఫొటో, అరచెయ్యంత. ఒక్కో ముక్కా బెత్తెడు. అంత చిన్న ముక్కను చేత్తో పట్టుకుని కొయ్యకూడదు, క్లాంపు వేసి బల్లకు బిగించాలి. అరచేతి కన్నా చిన్న ముక్క దగ్గర చెయ్యి పెట్టొద్దని ముసలాయన రోజుకు పదిసార్లు చెప్పేవాడు. క్లాంపేమో దొడ్డి చివర, బ్యాటరీ రంపానికి బిగించి ఉంది. టైము పదకొండు నలభై. ఒక్క ముక్కే కదా అనుకుంది మరదలు. ఎడమచేతి వేళ్ళతో ముక్కను అదిమిపట్టి, కుడిచేత్తో రంపాన్ని కిందికి దించింది.

పాలు దించబోతున్న వదిన ఆ వేళ్ళను చూసింది. ఇరవై ఏళ్ళు కొస పట్టుకుని కోతనే చూసిన మనిషి. బ్లేడు దిగే దారిలో బొటనవేలు ఉందని ఆవిడకు వెంటనే తెలిసింది. ప్లగ్గు కిటికీ పక్కనే ఉన్నా దాని స్విచ్ ఎదురుగోడకుంది, అందుకునే వ్యవధి లేదు. అరిచినా ఆ చప్పుడులో వినబడదు. ఆవిడకు భయం వేసిందని రాస్తే బాగుంటుంది గానీ, వేసింది భయం కాదు. తనకు దక్కనిదంతా నాన్న ఈ మనిషి చేతుల్లో పోస్తే, ఆ చేతులను ఈ మనిషి ఇంత నిర్లక్ష్యంగా బ్లేడు కింద పెడుతోంది. ఆవిడకు జన్మలో ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

వైరు మూర నుంచి జానకు పడిపోయింది. బోల్టులు లేని బల్ల, దాని మీది రంపం ఒక్క గుంజుతో కుడివైపు జరిగిపోయాయి. మరదలి ఎడమచెయ్యి, అందులోని చెక్కముక్క ఉన్నచోటే గాలిలో మిగిలాయి. ప్లగ్గు ఊడి వచ్చి కిటికీ చువ్వకు కొట్టుకుంది. బ్లేడు తిరిగి తిరిగి ఆగింది.

మరదలు చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళు ఐదూ ఉన్నాయి. బొటనవేలి గోరు కొస మాత్రం సరిగ్గా నలభై ఐదు డిగ్రీల కోణంలో తెగి ఉంది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

"చిన్న ముక్కని చేత్తో పట్టుకుంటావా?" అంది వదిన. మూడేళ్ళ తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదే. "నాన్న నీకు నేర్పింది ఇదా?"

మరదలు దొడ్డి చివరనున్న క్లాంపు వైపు చూసింది. చేతులు వణుకుతున్నాయి, చివరి రోజుల్లో ముసలాయన చేతులు వణికినట్టే.

వదిన దొడ్లోకి వచ్చింది. దొడ్డి చివరికి నడిచివెళ్ళి క్లాంపు ఊడదీసి తెచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి ప్లగ్గు గుచ్చింది.

"జరుగు" అంది. మరదలు జరిగింది. "పెన్సిలు." ఇచ్చింది. వదిన చెక్కబద్ద మీద గీతలు గీసి, బద్దను రంపం మీద పెట్టి, క్లాంపు బిగించింది. బద్ద అవతలి కొస గాలిలో వేలాడుతోంది.

"కొస పట్టుకో."

ఆ రెండు మాటలు ఆవిడ గొంతులో యాభై ఏళ్ళకు పైగా ఉన్నాయి. మరదలు కొస పట్టుకుంది.

ఎనిమిది కోతలు. నాలుగు ముక్కలూ కలిపి చూస్తే మూలల్లో వెంట్రుక కూడా దూరలేదు. తను పదేళ్ళుగా కోస్తున్నా ఒక్క మూలా అలా కలవలేదని మరదలికి తెలుసు. ఒళ్ళు భగ్గుమంది. వదిన ఫ్రేమును వెలుతురుకు ఎత్తి చూపించి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. పెన్సిలు తీసి తన చెవి మీద పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి ఇవ్వలేదు.

వ్యాను పన్నెండింటికి వచ్చి ఇరవై నాలుగూ తీసుకుపోయింది. సాయంత్రం మొగుడు వచ్చి, జరిగింది విని, మీ ఇద్దరికీ సయోధ్య కుదిరిందన్నమాట అని సంబరపడ్డాడు. మరదలు టేపు అతని చేతికిచ్చింది. వెళ్ళి కొలిచి వచ్చాడు. జానెడే ఉంది. కుదరలేదన్నమాట అన్నాడు. నా పెన్సిలు ఇచ్చేదాకా కుదరదు అంది మరదలు.

లైబ్రరీ పని ఆమెకే వచ్చింది. సోమవారం నుంచి కోతలు వదినవి, కొలతలూ మేకులూ రంగూ మరదలివి. జానెడు వైరుకు ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ నిలబడక తప్పదు కాబట్టి, తిట్టుకోవడానికి కిటికీ అడ్డం లేకుండా పోయింది.

పదోరోజున మరదలు బ్యాటరీ రంపాన్ని పెట్టెలో సర్ది షాపుకు తీసుకెళ్ళింది. షాపతను పెట్టె విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పనిచెయ్యలేదా?"

"పనిచేసింది."

"మరి?"

మరదలు బొటనవేలు చూపించింది. గోరు ఇంకా ఏటవాలుగానే ఉంది. "దీనికి నా మీద కోపం రాదండీ" అంది.

షాపతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఇప్పుడు ప్లగ్గు ఎంత దూరంలో ఉంది?"

"జానెడు."

"అయితే మీకు వైరుదే మంచిది" అని పెట్టె లోపల పెట్టేశాడు.