పొట్టి మెడ గిటారు

ధనలక్ష్మి పొద్దున్నే రెండు జడలు వేస్తుంది. ముందు కూతురికి, తర్వాత తనకు. ఆ పైన టిఫిన్ డబ్బా పట్టుకుని తిరుమణి సోలార్ ప్లాంటులో ప్లేట్లు తుడవడానికి నడిచిపోతుంది. కూలీల ఆటో ఇంటి ముందే ఆగుతుంది. ఆమె ఎక్కదు.

కూతురు సింధుశ్రీ డిగ్రీ చదివే పిల్ల. ఈ వయసులో అమ్మ చేత జడ వేయించుకోవడం ఇష్టమై కాదు. ఎండాకాలంలో ఆటో బోల్తా పడినప్పుడు ఎడమచేయి దాని కింద పడింది. ఎముకలు అతుక్కున్నాయి, వేళ్ళు మాత్రం ముడుచుకున్నవి తెరుచుకోలేదు. పక్కనే కూర్చున్న ధనలక్ష్మికి ఒక గీత కూడా పడలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ ఎత్తదు.

కదిలించకపోతే వేళ్ళు అట్లే బిగుసుకుపోతాయని ఆస్పత్రిలో చెప్పి ఒక రబ్బరు బంతి ఇచ్చారు. సింధు బంతిని కిటికీలో పెట్టింది, చేతిని చున్నీలో దాచింది. పావగడ కాలేజీకి పోవడం మానేసింది. అక్కడి పాటల జట్టులో గిటారు వాయించేది ఆమే.

ఒకరోజు అదే జట్టులో కీబోర్డు వాయించే నందీష్ వచ్చాడు.

"బేస్ గిటారుకి మనిషి లేదు సింధూ. నువ్వు రా. తీగలు నాలుగే, ఒకసారికి ఒక వేలు నొక్కితే సాలు."

"దాని మెడ మీద మెట్లు దూరం దూరం. నా చేయి అందదు."

"పొట్టి మెడవి కూడా ఉండాయి, చూడు." ఫోను చూపించాడు.

సింధు ఫోను తిరిగి ఇచ్చేసింది. కానీ వెంటనే ఇవ్వలేదు. ధనలక్ష్మి అది చూసింది.

సాయంత్రం ప్లాంటులో మిషన్ల రొద ఆగగానే చేలు పాడటం మొదలుపెడతాయి. వేరుశనగ పండినన్నాళ్ళూ పాడాయి, కంపెనీకి లీజుకిచ్చి ప్లేట్ల కింద పడ్డాక కూడా మానలేదు. ఒక్కో చేనుది ఒక్కో గొంతు. గట్లు చదునైపోయినా ఊరివాళ్ళు కంచె దగ్గర నిలబడి ఎవరి చేనును వాళ్ళు గుర్తుపడతారు. మారన్న చేనుది తిరగలి రొద. ధనలక్ష్మి అత్త ఓబమ్మ చేనుది దానికంటే కొంచెం హెచ్చు స్థాయి, కడుపు నిండిన ఆవు నిట్టూర్చినట్టు. కాసేపు పాడి ఊరుకుంటాయి. అప్పుడు జనం ఇళ్ళకు పోయి పొయ్యి వెలిగిస్తారు.

సింధు కంచె దగ్గరికి వచ్చి నెలలైంది.

గిటారు సంగతి ధనలక్ష్మి చెప్పగానే ఓబమ్మ తేల్చేసింది. "లీజు దుడ్లు వచ్చినాయి గదా. చేనే కొనిపెడతాది పిల్లకి. పోయి రాండి."

బస్టాండులో ధనలక్ష్మి తుమకూరు బస్సును పోనిచ్చింది. మెట్టు దాకా పోయి వెనక్కి తగ్గింది. తర్వాతి బస్సు వచ్చినప్పుడు సింధు కుడిచేత్తో అమ్మ మోచేయి పట్టుకుని ఎక్కించింది.

తుమకూరులో పాత వాయిద్యాలు బాగుచేసి అమ్మే చిన్న కొట్టు అది. కొట్టతను అమరనాథ్‌ది మడకశిర వైపు. ఆ కన్నడ ఊళ్ళో తెలుగు వినగానే స్టూలు తుడిచి వేశాడు. గోడకున్న పెద్ద బేస్ గిటారు దించాడు. ధనలక్ష్మి దాన్ని ఎగాదిగా చూసింది.

"రెండు తీగలు తెగిపోయినాయి గదప్పా. అయినా ఇంత రేటా?"

"తెగలేదక్కా. దీనికి నాలుగే."

"ఆరు తీగలదానికీ, నాలుగు తీగలదానికీ ఒకటే రేటు చెప్తే ఎట్లా?"

సింధు ఫక్కున నవ్వింది. ఎండాకాలం తర్వాత నవ్వడం అదే మొదటిసారి. ధనలక్ష్మి బేరం మర్చిపోయింది.

కానీ ఆ గిటారు మెడ చివరికి సింధు చేయి అందలేదు. దాన్ని ఒళ్ళోంచి దించి, "పోదాం పామ్మా" అని లేచింది.

"ఉండు పాపా." అమరనాథ్ అటక మీద నుంచి ఇంకొకటి దించాడు. రంగు పెచ్చులు లేచింది, మెడ బెత్తెడు పొట్టి. "మెట్లు దగ్గర దగ్గర ఉంటాయి. చూసేకి బాగలేదని ఎవరూ కొనలేదు. చెక్క మాత్రం మంచిది. తక్కువలో ఇస్తా."

సింధు చున్నీలోంచి ఎడమచేయి తీసింది. నొక్కలేదు, ఊరికే మెడ మీద పెట్టి చూసుకుంది.

"అమ్మా, ఇది."

ధనలక్ష్మి ఇంకా తగ్గించమని అడగలేదు. అమరనాథే తగ్గించాడు. "పాప నవ్వింది గదక్కా, దానికి" అన్నాడు.

మరుసటి సాయంత్రం ఓబమ్మతో కలిసి ముగ్గురూ కంచె దగ్గరికి పోయారు. సింధు గిటారు అంచును కంచెకు పాతిన రాతికూసానికి ఆనించి, కుడిచేత్తో లావు తీగ మీటింది. ఎడమచేయి వాడలేదు. రాయి గుండా ఆ మోత నేలలోకి దిగింది. పక్కనుంచి తిరగలి రొద బదులు పలికింది.

"అది మారన్నోళ్ళ చేను" అంది ఓబమ్మ. "పిలవనోళ్ళే ముందు పలుకుతారు. మనది ఇంకా పైన ఉండాది, తీగ నొక్కల్ల."

వాళ్ళ చేను అప్పటికే మొదలుపెట్టింది. సింధు చూపుడువేలు పెట్టింది. అందలేదు. మధ్యవేలు పెట్టింది. ఇంకా అందలేదు. మిగతా చేలన్నీ పాడటం ముగించాయి. జనం పొయ్యిలు వెలిగించుకోవడానికి పోయారు. ఓబమ్మ చేను మాత్రం ఆపలేదు. అదే స్వరం పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా, సింధు కోసం నిలబడింది.

"నొప్పి పుడతాంది అవ్వా."

"దానికీ గొంతు నొస్తాంటుందిలే. ఆపిందా?"

సింధు పళ్ళు బిగించి, ముడుచుకున్న ఉంగరపువేలిని సాగదీసి మెట్టు మీద పెట్టింది. మీటింది. తీగా, చేనూ ఒకటే పలుకు పలికాయి. ధనలక్ష్మికి అరికాళ్ళ కింద మట్టి వణికింది.

చేను ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత తరతరాలుగా ఎన్నడూ పాడనిది, ఇంకొక మెట్టు పైన పాడింది.

"చిటికెన వేలిని అడుగుతాంది" అంది ఓబమ్మ. "రేపు చూద్దాంలే. ఇంటికి పదండి, సంగటి కలపల్ల."

అప్పటినుంచి రోజూ సాయంత్రం చేను ఒక్క మెట్టు అడిగేది. అందేదాకా పాడేది, అందాక ఊరుకునేది. ప్లాంటులో తమ చేని మీది ప్లేట్లు తుడిచేటప్పుడు ధనలక్ష్మి చివరి బకెట్టు నీళ్ళు నేలకే పోసేది. సూపర్‌వైజరు అడిగితే, "దానికీ దప్పికయితాది సార్" అంది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున ధనలక్ష్మి దువ్వెన తీసుకుని కూతుర్ని పిలిచింది. సింధు అప్పటికే కాలేజీకి తయారై ఉంది. జడ వేసుకుంది, వీపున గిటారు తగిలించుకుంది. అమ్మ చేతిలోంచి దువ్వెన తీసుకుని, "కూర్చో" అంది.

ధనలక్ష్మి గడప మీద కూర్చుంది. తల మీద రెండు చేతులు కదులుతున్నాయి. ఎడమది మెల్లగా, తడుముకుంటూ. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆటో వచ్చి ఆగింది. ఎప్పటిలాగే ముందుకు కదలబోయింది. ధనలక్ష్మి చేయి ఎత్తి ఆపి, ఎక్కింది. లోపల ఉన్న గంగక్క ఆమెను, ఆమె తలను మార్చి మార్చి చూసింది.

"ఏంది ధనా, జడ ఇంత వంకరగా ఉండాది? విప్పి వేసేదా?"

"వద్దు గంగక్కా. సింధు వేసింది."

గంగక్క జరిగి చోటిచ్చింది.