గిడ్డయ్య మాట మీద వేసిన పాట

ఉరుకుందుకు ఆ పేరు పెట్టింది వాళ్ల అవ్వ. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టాడని పెట్టింది. ఎమ్మిగనూరు, ఆదోని పక్క వీధికొక ఉరుకుందు ఉంటాడు. వాళ్లంతా పొట్టకూటికి నేల మీద ఉరుకులాడుతుంటే, మనవాడు మాత్రం పేరును మరీ మనసుకు పట్టించుకుని విమానంలోంచి ఉరికాడు.

సరదాకు కాదు, సంపాదనకే. ఎమ్మిగనూరులో పెళ్లిళ్లకు వీడియోలు తీసుకునే మనిషి, మైసూరు అవతల జనాన్ని పారాచూట్‌తో దూకించే కంపెనీ ఒకటుందని విని పోయాడు. దూకేవాళ్ల పక్కనే దూకుతూ వాళ్ల మొహాలు వీడియో తీయాలి. దూకడం నేర్చుకున్నాడు. నెత్తిన హెల్మెట్, దాని మీద రెండు కెమెరాలు, ఫోటో తీసే స్విచ్చి నోట్లో. పంటితో కొరికితే ఫోటో పడుతుంది. "పెండ్లిలో నోరు నొప్పి పుట్టేట్టు 'నవ్వండి నవ్వండి' అంటాంటి. ఈడ నోరు మూస్తేనే ఫోటో" అని గొప్పగా చెప్పుకునేవాడు. కొన్నేళ్లు అలా గాల్లో బతికి, కంపెనీతో గొడవపడి, నేల మీదికి దిగి మళ్లీ పెళ్లిళ్లలో పడ్డాడు. ఆల్బంలు అంటించే కుర్రాడు విజయ్‌తో కలిసి ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర స్టూడియో పెట్టుకున్నాడు.

ఆ స్టూడియోకు ఒక మధ్యాహ్నం ఆదోని నుంచి రూత్ వచ్చింది.

"అన్నా, గుర్తుపడితివా? గిడ్డయ్య బిడ్డను."

"పెద్దాయన్ని మర్చిపోతానామ్మా! విమానం తలుపు తెరిస్తే 'దిగేటోళ్లు ఉండారు, ఆపప్పా' అని అరిసె కదా! పైలెట్ తిరిగి సూసినాడు."

లోపల ఆల్బం అంటిస్తున్న విజయ్ పగలబడి నవ్వాడు. రూత్ కూడా నవ్వింది. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఇప్పుడేమీ అరవడన్నా. పక్షవాతం వచ్చింది. కుడిపక్క పాయె. మాట పాయె."

ఆదోని పత్తి మార్కెట్‌లో గిడ్డయ్య పెద్ద హమాలీ. ఎన్నో మూటలు మోసిన మనిషి. ఇప్పుడు ఒక్క మాట మోయలేకపోతున్నాడు. ఉరుకుందు స్టూలు లాగి రూత్‌ను కూర్చోమన్నాడు.

రూత్ బెంగళూరులో నర్సు. ఉద్యోగం వచ్చిన కొత్తలో తండ్రిని ఊరు చూపిస్తానని తీసుకుపోయి, ఆ ఊపులో మైసూరు దాటించి, విమానం ఎక్కించింది. ఎక్కించడం వరకే ఆమె పని. దూకడం ఆయన ఉత్సాహం.

"ఆ పారాచూట్ గొడుగు విచ్చుకున్న కాడి నుంచి నేల మీదికి వచ్చిందాకా మాట్లాడ్తానే ఉండెనంట. నాయనను తనకు కట్టుకుని వెనక నుంచి దూకించిన కంపెనీ ఆయన సెప్పినాడు. ఆయప్పకు తెలుగు రాదు, ఏమీ అర్థం కాలే. 'ఏం మాట్లాడినావు నాయనా' అని అడిగితి. 'వీడియోలో పడింటాది లే, వినుకోపో' అనె. వీడియో వచ్చె. సూస్తే మాట లేదు, సినిమా పాట! ఇద్దరం నవ్వుకుంటిమి. మళ్లా అడుగుదాం లే అనుకుంటి."

ఆ 'మళ్లా' అనేసి ఆమె ఫోన్ తీసింది.

"మొన్న ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టినా. పాట మాది అని పాటగలోళ్లు కంప్లైంట్ పెట్టినారంట. సౌండంతా తీసేసినారు. పాటతో పాటు మా నాయన గొంతు కూడా కోసేసినారు. నీ కాడ ఒరిజినల్ ఉంటాది కదా? ఆ పాట తీసేసి ఇయ్యన్నా. ఆయన ఏం మాట్లాడినాడో ఇంటా. అదొక్కటి సాలు."

సున్నం గీకితే కింద పాత రంగు బయటపడినట్టు, పాట గీకేస్తే కింద గొంతు ఉంటుందని ఆమె నమ్మకం. గొంతు మీద పాట వేయలేదని, గొంతు తీసేసి ఆ చోట్లో పాట పెట్టాడని ఉరుకుందు అప్పుడే చెప్పి ఉండాల్సింది.

"ఉంటాది లేమ్మా. యాడికి పోతాది?" అన్నాడు. "ఎతికి నేనే ఆదోనికి తెస్తా."

ఆమె మొహం వెలిగింది. బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి విజయ్ బంక తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"యాడుందన్నా ఒరిజినల్?"

"ఏమో."

"ఏమో ఏంది? అసలు ఆయన మాట యాల తీసేస్తివి?"

"యాల తీస్తామో నీకు తెలీదా? సౌండు తీయ్, సాంగు వేయ్."

అది వీళ్ల వృత్తి ధర్మం. పెళ్లి వీడియోలో అసలు శబ్దం ఎవరికీ అక్కర్లేదు. జనరేటర్ మోత, సాంబారు బకెట్ల చప్పుడు, ఎవరో పెద్దమ్మ "అయ్యవారు యాడ సచ్చినాడు" అనే కేక. అవన్నీ ఏరిపారేసి, తాళి కట్టేచోట ఒక పాట, తలంబ్రాల చోట ఒక పాట పరుస్తారు. పాట ఎవరిదని అడిగేవాడు లేడు. పెళ్లి ఎవరిదో తెలిస్తే చాలు. దూకుళ్ల కంపెనీలోనూ ఉరుకుందు చేతులు అదే పని చేశాయి. దూకేటప్పుడు ఎలాగూ గాలి హోరే. పారాచూట్ విచ్చుకున్నాక మాటలు పడేది వెనక కట్టుకున్నాయన మణికట్టు కెమెరాలో. గిడ్డయ్య మాటలూ అందులోనే పడ్డాయి. ఉరుకుందు విన్నాడు, నవ్వాడు, తీసేశాడు.

చిత్రమేమిటంటే, ఊరందరి పాటలూ ఉచితంగా వాడుకున్న ఈ మనిషి తన బొమ్మల దగ్గర మాత్రం మహా పట్టుదల. ఒకసారి హైవే మీద కంపెనీ బోర్డు చూశాడు. ఆకాశంలో ఎవరో అమ్మాయి చేతులు చాపి నవ్వుతోంది. ఆ ఫోటో తనది. పేరు లేదు. ఆఫీసు మీదికి పోయి నిప్పులు కక్కాడు.

"కెమెరా నాది. హెల్మెట్ నాది. ఆ సేతికి కట్టే కెమెరా నాది. మెడ నాది, మెడనొప్పి నాది. బొమ్మ మాత్రం మీదా?"

కంపెనీలో ప్రతి సాయంత్రం కెమెరాల్లోని మెమరీ కార్డులు తీసుకుని, అందరి దూకుళ్లూ తమ కంప్యూటర్లలో దాచుకునేవాళ్లు. ఉరుకుందు ఊరుకోలేదు. లాయర్ని తెచ్చాడు. తను తీసిందంతా తనదేనని ఒప్పించాడు. అంతటితో ఆగితే అతను ఉరుకుందు ఎందుకవుతాడు? మేనేజర్ పక్కనే నిలబడి, వాళ్ల దగ్గరున్న తన వీడియోలన్నీ ఒక్కొక్కటిగా తుడిపించాడు. కార్డులన్నీ రేకు డబ్బాలో వేసుకుని, యుద్ధం గెలిచిన రాజులా ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

ఇప్పుడు ఆ మేనేజర్‌కే ఫోన్ చేశాడు.

"సార్, ఆ పొద్దు తుడిపినాం కదా. యాడన్నా ఒకటి మిగిలిందేమో సూస్తారా? అరవై ఏండ్ల పెద్దాయన. ఒక్కటే వీడియో."

అవతలి మనిషి కోప్పడలేదు. అదే బాధ. "ఒక్కటి కూడా మిగలకూడదని మా కుర్చీ వెనకే నిలబడ్డావు కదయ్యా. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించావు. అంతా నీ దగ్గరే ఉంది కదా, చూసుకో" అన్నాడు.

రేకు డబ్బా తీశాడు. కార్డులున్నాయి. కార్డుల్లో ఆకాశం లేదు. సి.బెళగల్ పెళ్లి, ఆలూరు పెళ్లి, మద్దికెరలో చెవులు కుట్టిన పండగ. ఉరుకుందుకు అప్పుడు గుర్తుకొచ్చింది. సి.బెళగల్‌లో తలంబ్రాల మధ్యలో కార్డు నిండిపోయింది. పెళ్లికొడుకు దోసిలి ఎత్తి ఆగి ఉన్నాడు. సంచిలో చెయ్యి పెడితే ఈ కార్డు తగిలింది. కెమెరా తెర మీద గిడ్డయ్య మొహం చిన్నగా కనపడింది. డెలివరీ అయిపోయిన పని. పెళ్లివాళ్లకు ఇచ్చేశాక కార్డు తుడిచి ఇంకో పెళ్లికి వాడటం అలవాటే. బొటనవేలు డిలీట్ నొక్కింది. తలంబ్రాలు పడ్డాయి.

విజయ్ పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కించాడు. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. కాసేపటికి ముక్కలు పైకొచ్చాయి. పసుపు బియ్యం. ఇంకా కిందికి తవ్వితే ఇంకొన్ని పసుపు బియ్యం. ఒక చోట సగం నీలంగా ఏదో మెరిసింది. ఉరుకుందు కుర్చీలోంచి లేచాడు. షామియానా.

"కాపీరైటు, కాపీరైటు అని కొట్లాడితివి కదన్నా" అన్నాడు విజయ్ మెల్లగా. "రైటు మిగిలె. కాపీ యాడుంది?"

ఇంకో రోజైతే అలాంటి మాటకు ఉరుకుందు రెండు మాటలు తిరగేసి అప్పగించేవాడు. ఆ రోజు లాప్‌టాప్ మూశాడు.

ఆదివారం బండి మీద ఆదోని పోయాడు. మార్కెట్ యార్డు వెనక సందులో ఇల్లు. సందంతా గాలికి కొట్టుకొచ్చిన దూది పీచు. గిడ్డయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కాళ్ల మీద బొంత. చనిపోయిన భార్య మరియమ్మ పాత చీరలతో కుట్టినది, ఒక్కో ముక్క ఒక్కో రంగు. ఉరుకుందును చూసి ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు, బస్సు ఆపినట్టు.

"తెచ్చినావా అన్నా?" రూత్ అప్పుడే చర్చి నుంచి వచ్చింది, చెప్పులు కూడా విడవలేదు.

"నువ్వు యూట్యూబ్‌లో పెట్టిన బొమ్మే తెచ్చినా. గొంతు లేదమ్మా." దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి ఇదొక్కటే వచ్చింది. "కార్డు నేనే తుడిపేసినా. పెండ్లి తీయనీకి."

రూత్ గడపలో కూర్చుని చెప్పులు విడిచింది. చాలాసేపు ఆ చెప్పుల వైపే చూసింది.

"'అంతా నాదే హక్కు, కంపెనీకి కూడా ఇయ్యను' అంటివంట కదా" అంది చివరికి.

"అంటి."

"వాళ్ల కాడన్నా ఉంటే..."

"నేనే తుడిపించినా."

గిడ్డయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వినపడుతుంది, అర్థమవుతుంది, నోరే లేవదు. రూత్ ఉన్నట్టుండి తలెత్తింది.

"పాట వేసే ముందర నువ్వు విని ఉంటావు కదా! తెలుగొచ్చినోడివి నువ్వొక్కడివే విన్నావు. ఏమన్నాడు? సెప్పన్నా."

ఉరుకుందు లాప్‌టాప్ తెరిచాడు. నిశ్శబ్దంగా ఆకాశం. పారాచూట్ కింద గిడ్డయ్య, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, పెదవులు ఆడుతున్నాయి. చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి.

"'నా బిడ్డ నన్ను పరలోకం దాకా తెచ్చింది' అనినాడమ్మా."

రూత్ కళ్లు నిండాయి. అంతలో మంచం కోడు మీద టకటకా చప్పుడు. గిడ్డయ్య ఎడమచేత్తో కొడుతున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. కాదు. ఆ మాట నాది కాదు.

లాయరు లేడు, ఒప్పందం లేదు. పెద్దాయన తన హక్కు తానే కాపాడుకున్నాడు. ఉరుకుందు తల వంచుకున్నాడు.

"తప్పయిపాయె పెద్దాయనా. ఉండు, నిజంగా గుర్తు తెచ్చుకుంటా."

మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. హెడ్‌ఫోన్‌లు చెవులకు పెట్టుకుని తను నవ్వింది ఎక్కడ? కెమెరా పక్కకు తిరిగింది. కింద తెల్లటి మబ్బులు. అక్కడ!

"'ఓయబ్బ, ఎంత దూదప్పా!' అనినావు" అన్నాడు ఉరుకుందు. "'ఇదంతా ఎవుడు మోస్తాడు? నా వల్ల కాదు, రిటైరైనా' అనినావు. అవునా?"

గిడ్డయ్య మొహంలో సగం నవ్వింది. మిగతా సగానికి చేతకాలేదు. ఎడమచెయ్యి బొంత మీద దబదబా కొట్టుకుంది. రూత్ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ముక్కు చీదింది.

"నాయన మాటే! ఇది నాయన మాటే! తర్వాత?"

తర్వాత కెమెరా మళ్లీ మొహం మీదికి వచ్చింది. ఇప్పుడు తెర మీది గిడ్డయ్య నవ్వడం లేదు. ఎవరో ఎదురుగా ఉన్నట్టు నెమ్మదిగా, ఆగి ఆగి చెబుతున్నాడు. మంచం మీది గిడ్డయ్య తెర వైపు చూడటం మానేసి ఉరుకుందునే చూస్తున్నాడు. ఇప్పుడు నీ వంతు, అందించు అన్నట్టు. మూట ఎత్తేవాడు ఎత్తుతాడని, వీపు వంచి ఉన్నవాడు ఎదురుచూసినట్టు.

ఉరుకుందుకు ఏమీ అందలేదు. ఆ రోజు దూది మాటకు నవ్వాక హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. ఏ పాట వేద్దామా అని వెతుక్కున్నాడు.

"ఆడి నుంచి నేను వినలేదమ్మా" అన్నాడు.

గిడ్డయ్య కాసేపు ఎదురుచూశాడు. తర్వాత ఎడమచెయ్యి బొంత మీద పాకింది. చీర ముక్కలన్నీ తడిమి, ఒక పాత నీలం ముక్క దగ్గర ఆగి, రెండు వేళ్లతో దాన్ని పట్టుకుంది.

"అమ్మతోనా?" అంది రూత్.

ఆయన కళ్లు మూసి తెరిచాడు.

"ఏం సెప్పినావు నాయనా, అమ్మకు?"

నోరు కదిలింది. ఒక శబ్దం వచ్చింది. మాట కాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రూత్ దగ్గరికి జరిగి చెవి ఆయన నోటికి ఆనించింది. ఉరుకుందు కూడా ముందుకు వంగాడు, ఈసారైనా ఒక్క ముక్క పోకూడదని. గొంతులో గరగర తప్ప ఇంకేమీ రాలేదు.

తెర మీద గిడ్డయ్య చెబుతూనే ఉన్నాడు. నేల ఇంకా చాలా కింద ఉంది. ఆయనకు తొందరేమీ లేదు.