కుర్చీకి ఎదురుగా ఉయ్యాల

నేను ఒక తొట్టి ఉయ్యాలను. పనస చెక్కతో చేసినదాన్ని. పుట్టినప్పుడు పసుపుముద్దలా ఉండేదాన్ని, ఏళ్ళు గడిచి ఇప్పుడు పాతబెల్లం రంగుకి తిరిగాను. రేగుపాలెంలో సూరన్నగారి ముందు వసారా దూలానికి గొలుసులతో వేలాడుతుంటాను. చంటిపిల్లల్ని మోశాను, ఉతికిన బట్టల్ని మోశాను, ఒక వానాకాలం పొదిగే కోడిపెట్టని కూడా మోశాను. కానీ నా కథ చెప్పాలంటే ముందు నా ఏడుపు చెప్పుకోవాలి. నాకో అన్న ఉన్నాడు. కుర్చీ. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట.

మాది ఒకే చెట్టు. పెరట్లో కాసే పనస గాలివానకి కూలిన ఏడాదే సూరన్నగారు ప్రెసిడెంటుగా గెలిచారు. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటుగారనే అంటారు. ఢిల్లీలో ఉండే ప్రెసిడెంటుతో మాకు పని లేదు. మాకు ప్రెసిడెంటంటే వీధిలైటు వెలగనప్పుడు తిట్టుకోవడానికి దొరికే మనిషి. సూరన్నగారు వడ్రంగి లోవాచారిని పిలిపించి, పంచాయతీ ఆఫీసుకి మంచి కుర్చీ చెయ్యమన్నారు. మాను నడుములోని చేవంతా కుర్చీకి పోయింది. "మిగిలినవాటితో నాకో తొట్టి చేసిపెట్టవయ్యా" అని ఆయన భార్య అప్పాయమ్మ అడిగితే, కొమ్మ మొదళ్ళు ఏరి నన్ను చేశాడు. వాడికి పాలిష్ పెట్టారు. నాకు నువ్వులనూనె రాశారు, పిల్లలు పళ్ళొచ్చేటప్పుడు కొరుకుతారని. వాణ్ణి డప్పులతో తీసుకెళ్ళారు. నాకు పసుపుబొట్టు పెట్టి ఊరుకున్నారు.

తీసుకెళ్ళినా ఎంత దూరం? వీధి అవతలికే. పంచాయతీ ఆఫీసు మా వసారాకి సరిగ్గా ఎదురు. తలుపు తీస్తే చాలు, చేతులు చాపుకుని కూర్చున్న మా అన్న కనిపిస్తాడు. దూరంగా ఉన్నవాడైతే ఎప్పుడో మరచిపోయేదాన్ని. రోజూ కళ్ళెదుట ఉంటే ఎలా మరుస్తాను?

మా ఊళ్ళో తొట్టికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పదిమంది పిల్లలు ఊగిన తొట్టి శుభమని ఇంటింటికీ ఎరువిస్తారు. ఖాళీ తొట్టిని మాత్రం ఊపరు. చంటిపిల్లలకి చేటంటారు. అందుకే నేను ఊళ్ళో సగం గడపలు చూశాను. అడిగి తీసుకెళ్ళిన ప్రతి ఇల్లూ కొబ్బరికాయో గుప్పెడు బియ్యమో నాలో వేసి తిరిగి పంపింది. ఇంటి దగ్గర పిల్లలు లేని రోజుల్లో అప్పాయమ్మ నాలో ఉల్లిపాయలు పోసి ఉంచేది. ఖాళీ అనిపించుకోకూడదని. ఉల్లిపాయలు జోలపాటకి నిద్రపోవు. వాటిని మోస్తూ ఎదురుగా ప్రెసిడెంట్లని మోసే అన్నని చూడటం ఎలా ఉంటుందో మీకు చెప్పినా తెలీదు.

అప్పాయమ్మ కొడుకు నూకరాజు నాలోనే పెరిగాడు. వాడి పెళ్ళాంగా వీరవేణి వచ్చింది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా సంబంధం కుదిరిందని బడి మాన్పించారట. పెద్దది భవ్య పుట్టింది. ఆ పిల్ల ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ నెల తప్పింది. వీరవేణి వసారా స్తంభం పట్టుకుని నిలబడి, "ఒంట్లో రక్తం లేదంటన్నారత్తయ్యా. ఈ ఒక్కసారికి తీయించేసుకుంటాను" అంది.

"కడుపున పడ్డదాన్ని కాదంటే కళ్ళు పోతాయే!" అని అప్పాయమ్మ చెవులు మూసుకుంది.

అలా తరుణ్ పుట్టాడు. పుట్టడం కూడా ఇంట్లోనో ఆసుపత్రిలోనో కాదు, జంగారెడ్డిగూడెం దారిలో, ఆటోలో. పంచాయతీ ఆఫీసు పక్కనే నర్సు ఉండాల్సిన సబ్‌సెంటరు గది ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. ఆ తాళం కేసి వీరవేణి చూసే చూపు నాకు తెలుసు. తరుణ్‌ని నాలో పడుకోబెట్టి గొలుసు లాగుతూ, నా మీంచి, వీధి మీంచి, ఆ తాళం కేసీ, దాని పక్కన కుర్చీ కేసీ చూసేది. "ఆ కుర్చీలో కూర్చున్నోళ్ళెవరూ ఎప్పుడూ నీళ్ళాడలేదు కదరా, వాళ్ళకేం తెలుస్తది?" అని పిల్లాడితో అనేది. ఊపే చెయ్యి నాది, చూపు మా అన్నది. నా కడుపు మంట అప్పటినుంచి రెట్టింపయింది.

తరువాత కొన్నేళ్ళకి పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. మా ఊరి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్ళకి రిజర్వయింది. తండ్రి కూర్చున్న కుర్చీ కదా, నూకరాజు కాలు నేల మీద నిలవలేదు. పెళ్ళాన్ని నిలబెడతానని ఊరంతా చెప్పేశాడు. పొదుపు సంఘంలో ఆడవాళ్ళందరికీ వీరవేణి అంటే గురి, గెలుపు ఖాయమన్నారు. సరిగ్గా అప్పుడే వీరవేణికి మూడోసారి నెల తప్పింది.

ఆ రోజుల్లో ఒక రూలు ఉండేది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారు. గెలిచాక మూడో బిడ్డ పుట్టినా పదవి ఊడుతుంది. తాగుతావా, పేకాడతావా, సంతకం పెట్టేముందు చదువుతావా అని అడిగేవాడు లేడు. కాన్పులు మాత్రం లెక్కపెట్టేవారు.

నా కిందే కూర్చుని మాట్లాడుకున్నారు ముగ్గురూ.

"సిరి వస్తంటే మోకాలొడ్డినట్టు ఇదేంటే ఇప్పుడు?" అన్నాడు నూకరాజు, అందులో తనకేమీ భాగం లేనట్టు.

"ఆడా మగా ఇద్దరున్నారు, మూడోది దేనికి? ఇంకా నెలలు పడలేదు. అదేం ప్రాణమా ఏంటి? డాక్టరమ్మ దగ్గరికెళ్తే పోద్ది" అంది అప్పాయమ్మ.

"తరుణ్ అప్పుడు కళ్ళు పోతాయన్నారు కదత్తయ్యా?"

"అప్పుడు ఎలచ్చన్లు లేవు కదే!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అప్పాయమ్మకే కాస్త సిగ్గేసినట్టుంది, గొంతు తగ్గించింది. "పోనీ, కని మీ చెల్లికిచ్చెయ్యి. దేవకమ్మ చెయ్యలేదా?"

దేవకమ్మ అవతలి వర్గం మనిషి. ఆవిడా పోటీకి దిగుతోంది. తన మూడోవాడిని చెల్లెలి కొడుకని చెప్పుకుంటోంది. వాడు పుట్టినప్పుడు నన్నే ఎరువు తీసుకెళ్ళారు. ఎవరి పాలకి ఏడ్చాడో నాకు తెలుసు. తొట్టిని సాక్ష్యానికి ఎవరు పిలుస్తారు?

"నా పిల్ల నన్ను పెద్దమ్మా అని పిలవాలా?" అంది వీరవేణి. ముందు కుర్చీ కేసి చూసింది. ఆ పక్కనున్న తాళం కేసి చూసింది. ఆఖరున నా కేసి చూసింది. ఆఖరున!

"నిలబడతాను" అంది. "ఒక్క మాట. నిలబడేదాన్ని నేనైతే, కూర్చునేదాన్ని కూడా నేనే."

"సర్లేవే, నువ్వే కూర్చుందువుగాని" అన్నాడు నూకరాజు, పిల్లకి చాక్లెట్ ఇస్తానన్నట్టు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే వీరవేణి నాలోని ఉల్లిపాయలు చేటలోకి తీసింది. తడిగుడ్డతో నన్ను తుడిచి, నూనె రాసి, మెత్తని పాత చీర మడిచి అడుగున పరిచింది. దాచుకోవడం దేనికి, నాకు ఆశ పుట్టింది. మనసు మార్చుకుందేమో, ఈసారి గెలుపు నాదేనేమో అనుకున్నాను. ఎదురింటి అన్న కేసి గర్వంగా చూశాను కూడా. ఇంతలో తరుణ్ పరుగెత్తుకొచ్చి నా గొలుసు పట్టుకుని ఊపాడు.

"ఒరేయ్! ఖాళీ తొట్టి ఊపకూడదురా! చంటిపిల్లలకి చేటు!" అని అరిచింది అప్పాయమ్మ, అలవాటుగా.

అరిచాక ఆవిడే నోరు మూసుకుంది. వీరవేణి పిల్లాడి చేతిని గొలుసు నుంచి మెల్లగా విడదీసి, చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

పొద్దువాలేసరికి తిరిగొచ్చారు. అప్పాయమ్మ వేడినీళ్ళిచ్చి, వసారాలో మంచం వాల్చింది. వీరవేణి పడుకుని, పైకప్పుతో చెబుతున్నట్టు చెప్పింది: "డాక్టరమ్మ నీకిష్టమేనా అనడిగింది. ఈయన ఇష్టమేనండీ అన్నారు. ఆవిడ ఈయన్ని బయటికి పంపేసి మళ్ళీ అడిగింది. ఇష్టమే అన్నాను. ఏది ఇష్టమో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు."

లేచి తిరగ్గలిగిన రోజున పాతచీర తీసేసి, ఉల్లిపాయలు ఒక్కొక్కటే నాలో పెట్టింది. పొయ్యలేదు, పెట్టింది.

నామినేషన్లు పరిశీలించింది ఎదురుగా పంచాయతీ ఆఫీసులోనే. దేవకమ్మ కొడుక్కి ఎన్ని రోజులు నేర్పించారో, "పెద్దమ్మా, పెద్దమ్మా" అని జనంలో ముద్దుగా తిరిగాడు. అంతలో ఎవరి మోటారుసైకిలో బర్రుమంది. వాడు అదిరిపడి, పక్కనే ఉన్న పిన్నిని వదిలేసి, దేవకమ్మ పైటలో దూరి "అమ్మా, ఇంటికెళ్దామే" అని ఏడ్చాడు. ఆవిడ చెయ్యి కూడా ఊరుకోలేదు, వాడి వీపు నిమిరేసింది. మనవాళ్ళు గొడవ చేశారు, ఆఫీసరు అడిగితే ఆవిడే ఒప్పేసుకుంది. నామినేషను పోయింది.

"మూడోవాణ్ణి కంటే ప్రెసిడెంటుకి పనికిరానా?" అని మెట్ల మీదే నిలబడి కేకలేసింది. "ఇద్దర్ని పెంచేదాని కన్నా ముగ్గుర్ని పెంచేదానికే కదయ్యా తెలివెక్కువుండాలి!" జనం నవ్వారు. పోతూపోతూ మా వసారా కేసి తిరిగి, "కడుపు ఖాళీ చేసుకుని కుర్చీ నింపుకుంటందమ్మా!" అంది.

అది నా మాటే. ఇన్నాళ్ళూ నా లోపల తిరుగుతున్న మాటే. ఎవరో పైకి అన్నందుకు నాకు సంతోషంగా ఉండాలి. కానీ వీరవేణి నా గొలుసుని గుప్పిట్లో బిగించి గుంజింది. ఆ కుదుపు నాకు దిగింది, ఉల్లిపాయలు గలగలమన్నాయి. సంతోషం రాలేదు.

గెలిచింది. మొదటిరోజు దండలేసుకుని ఆఫీసుకి వెళ్ళేసరికి మా అన్న మీద నూకరాజు కూర్చుని ఉన్నాడు, కాళ్ళు బారజాపి. మాజీ ప్రెసిడెంటుగారి అబ్బాయి, కొత్త ప్రెసిడెంటుగారి మొగుడు, ఆ మాత్రం హక్కు ఉండదా?

"ఏవండీ, లేవండి" అంది వీరవేణి.

"ఆగవే, ఫోటో తీస్తన్నారు."

"నేను దీనికేమిచ్చానో మీకు తెలుసు కదా. లేవండి."

మెల్లగానే అంది. వీధి ఇవతల నాకే వినబడిందంటే లోపలున్నవాళ్ళకి వినబడకుండా ఉండదు. నూకరాజు లేచాడు. బంట్రోతు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గోడవారగా వేశాడు. వీరవేణి మా అన్న మీద కూర్చుంది. ఆ క్షణం వాడు ఎంత అందంగా కనిపించాడో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నా పక్కన కింద కూర్చుని గొలుసు లాగిన మనిషి ఇప్పుడు వాడి చేతుల మీద చేతులు ఆనించి కూర్చుంది.

వీరవేణిని తిట్టాలంటే తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు. ఎవరెవరి చుట్టూ తిరిగిందో తిరిగి, సబ్‌సెంటరు తాళం తీయించింది. నర్సమ్మ ఊళ్ళోనే కాపురం ఉంటోంది. ఆ గదిలోంచి చంటిపిల్లల ఏడుపు వినబడుతుంది, నా గొలుసులు జివ్వుమంటాయి. కానీ నన్నెవరూ ఎరువడగటం లేదు. ఇప్పుడన్నీ ఇనప స్టాండుకి తగిలించే దోమతెర ఉయ్యాలలు, మడిచి సంచీలో పెట్టుకునేవి. అన్న మీద చాలదన్నట్టు వాటి మీద కూడా ఏడవాల్సి వచ్చింది నేను.

మొన్న ఒక మధ్యాహ్నం నూకరాజు ఫోను చూస్తూ వసారాలోకి వచ్చాడు. "విన్నావటే? ఇద్దరు పిల్లల రూలు ఎత్తేశారంట. ఇప్పుడు ఎక్కువమందిని కనమని పెద్దలే చెప్తన్నారు. జనాభా తగ్గిపోతందంట. ఈసారి దేవకమ్మ దిగుద్ది చూడు!"

వీరవేణి ఆఫీసుకి బయల్దేరుతోంది. భుజాన సంచీ అలాగే ఉంది. "ముగ్గురున్నా పర్లేదా ఇంక?"

"ఆఁ, పర్లేదంట."

"కుర్చీలో కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చంట. రూలే లేదంటన్నాను కదే." అని అతను ఫోనులో మునిగిపోయి లోపలికి వెళ్ళాడు.

ఆవిడ సంచీ దించింది. నా దగ్గరికొచ్చి ఉల్లిపాయలు చేటలోకి తీసింది. పొట్టు ఊది, పమిటచెంగుతో నన్ను తుడిచింది. ఎదురుగా ఆఫీసు తలుపు తీసే ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో అప్పుడే, "ప్రెసిడెంటుగారు ఇంకా రాలేదేంటి" అంటున్నారు కూడా. ఆవిడ నా పక్కన నేల మీద చతికిలబడి, గొలుసు పట్టుకుని, ఊపింది.

ఖాళీగా.

దూలం కిర్రుమన్న చప్పుడుకి అప్పాయమ్మ లోపలి నుంచి గబగబా వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది. కోడలి మొహం చూసింది. గుమ్మం పట్టుకుని మెల్లగా కిందకి ఒరిగి, నాకు అవతలి పక్కన కూర్చుంది. ముసలి చెయ్యొకటి నా అంచు మీద పడింది.

"మెల్లగా ఊపవే, అమ్మాయ్" అంది. "మెల్లగా."

ఆ పూట నేను మా అన్న కేసి చూడలేదు.