మామగారు తిరిగి వేద్దామనుకున్న గంధకం

టైర్లలో గాలి చూడాలి. అద్దం తుడవాలి. సరుకు మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించాలి. డీజిల్ కొట్టించాలి. ట్యాంకులో గంధకం వెయ్యాలి.

కొత్త లారీ మొదటి ట్రిప్పుకు ముందు చెయ్యాల్సిన పనులను మామగారు వేళ్ళు మడుస్తూ చెబుతుంటే, చివరి వేలి దగ్గర అల్లుడు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. చమురు శుద్ధి కర్మాగారంలో, డీజిల్‌లోంచి గంధకం తీసే విభాగంలోనే అతను ఇంజినీరు. పాత లారీ అమ్మేసి కొన్న బండి ఇది. ఇది ఆగితే ఇల్లు ఆగుతుంది.

"గంధకం ఎందుకండీ మామయ్యగారూ?"

"మీరు తీసేశారుగా!" అంటూ మామగారు అరచేతిలో నాలుగు చుక్కల డీజిల్ పోసుకుని అల్లుడి ముక్కు దగ్గర పెట్టారు. "వాసనుందా? వాసన లేని డీజిల్‌కి దమ్మేముంటుంది? ఉన్న సరుకు తీసేస్తే ధర తగ్గించాలి గానీ పెంచుతారా అల్లుడుగారూ? అందుకే మొక్కల మందుల కొట్లో పొట్లం కొనుక్కొచ్చా."

"అది వేస్తే ఫిల్టర్లు మూసుకుపోతాయి. పొగను శుభ్రం చేసే భాగం పాడవుతుంది. బండి దారిలోనే కూలబడుతుంది."

"మీరు పుట్టకముందు నుంచీ తోలుతున్నా."

అల్లుడు ఓపిక పట్టాడు. "గంధకం జల్లెడ పడితే రాదండీ. డీజిల్‌ను కొలిమిలో కాచి, హైడ్రోజన్ కలిపి, విపరీతమైన ఒత్తిడి మీద పంపాలి. అప్పుడది వాయువై విడిపోతుంది. ఆ హైడ్రోజన్ తయారీకి ఇంకో ప్లాంటు. ఒత్తిడికి తట్టుకునే మందపాటి ఉక్కు పాత్రలు. మొదట సులువుగానే పోతుంది. చివర మిగిలిన పిసరు దగ్గరే మాకు చుక్కలు కనిపిస్తాయి."

"తీసెయ్యడానికి కూడా డబ్బులడిగే చదువు మీది!" అని మామగారు ట్యాంకు మూత మీద చెయ్యి వేశారు.

పెరట్లోంచి అత్తగారు వచ్చారు. చేతిలో ఆయన మాసిన చొక్కా.

"మూత తర్వాత తియ్యొచ్చు. ముందు ఇది ఉతుకు."

"నేనా?"

"నువ్వే. మరక తీసెయ్యడమేగా, ఖర్చేముంది?"

అల్లుడి ముందు వెనక్కి తగ్గలేక మామగారు పంచె ఎగ్గట్టి కూర్చున్నారు. మట్టి ఇట్టే పోయింది. "చూశావా!" అని మీసం దువ్వారు. కాలరు మీది గ్రీజు మాత్రం కదల్లేదు. వేడినీళ్ళు కావాలన్నారు. బ్రష్షు కావాలన్నారు. కొత్త సబ్బు కాస్తా రేకులా అరిగిపోయింది. ఆయన ఆయాసపడుతూ తలెత్తారు.

"ఈ కాస్తా ఉండనివ్వవే!"

"ఆ కాస్త కోసమేనయ్యా నా నడుం పడిపోయేది."

మామగారు కాలరు వేలితో రుద్ది చూసి, చొక్కా పిండి తొడుక్కున్నారు. తర్వాత లేచి, పొట్లం భార్య చేతిలో పెట్టారు. "మొక్కలకి చల్లు." అల్లుడి వైపు తిరిగి, "అయినా ఆ వాసన బాగుండేదండీ," అన్నారు. తడి చొక్కాతోనే లారీ ఎక్కారు. బండి నల్లపొగ లేకుండా మలుపు తిరిగింది.

బంకులో అంకెలు పరుగెత్తుతుంటే కర్మాగారాన్ని తిట్టుకోండి, తప్పులేదు. ఆ తిట్ల మధ్య ఒక్కసారి ఆ అత్తగారిని కూడా తలుచుకోండి. ఇన్నాళ్ళూ ఆ కాలరు ఉతికింది ఆవిడే.