గాడి లేని నేల

ట్రాక్టర్ ముందుకు తోలడం యేసుబాబుకు పుణె కాలువ పనుల్లోనే వచ్చింది. రానిది వెనక్కి తోలడం. వెనక ట్రాలీ ఉన్నప్పుడు స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. సంగతి తలకు తెలిసినా చేతులు ఒప్పుకునేవి కావు.

పాన్‌గల్ దగ్గర వాళ్ల ఊరి జాతరలో ఆ ఏడు ట్రాలీని వెనక్కి తోలే పోటీ పెడతామన్నారు. గూటాల వరసల మధ్య నుంచి, ఒక్క గూటం పడకుండా, అందరికంటే ముందు గీత చేరాలి.

"గెలిస్తే డ్రైవర్‌గ బండి నీ చేతికిస్త. ఓడితే పుణెకు కూలీలను తోలుకపోయే మేస్త్రీ లారీ ఉండనే ఉన్నది," అన్నాడు ట్రాక్టర్ ఆసామి నరేందర్.

యేసుబాబు భార్య రెబెకాకు నెలలు నిండుతున్నాయి. ఈసారి పుణె పోతే కాన్పు అక్కడి గుడిసెల్లోనే.

రోజూ పొద్దున్నే నరేందర్ మడిలో సాధన. వాచీ లేదు. అతను బండి కదిలించగానే రెబెకా గట్టు మీద కూర్చుని చర్చి పాట ఎత్తుకునేది. మొదట్లో పాటంతా అయిపోయినా ట్రాలీ గీత చేరేది కాదు. పోనుపోను రెండో చరణానికే చేరసాగింది.

"నన్ను పాట పూర్తి చేయనియ్యవా ఏందయ్యా!" అని నవ్వేది. ఎప్పుడూ ఇంకొకరు చెయ్యి చూపిన చోట తవ్వినవాడు, తన చేతులు తనవేనని మొదటిసారి అనుకున్నాడు.

జాతర దగ్గర పడ్డాక నరేందర్ బీడులో గూటాలు పాతించి, "జర చూపియ్‌రా," అన్నాడు. సగం దూరం పోకముందే ట్రాలీ అడ్డం తిరిగి ఒక వరసంతా పడగొట్టింది.

"ఇన్నొద్దులు బండి నువ్వు తోలినవా, మడి తోలిందారా?"

నవ్వులాటకు అన్న మాట. యేసుబాబు మడికి పోయి చూశాడు. అకాల వానకు మెత్తబడ్డ నేలలో మొదటి రోజుల చక్రాల గుర్తులు ఎండి, రాయిలాంటి గాడి అయ్యాయి. రోజూ చక్రాలు అందులోనే దొర్లాయి. ఆ సంతోషమంతా ఎవరిది? తనలో ఎవరో పరాయివాడు ఇన్నాళ్లూ పొంగిపోయినట్టు సిగ్గేసింది.

అప్పటి నుంచి ఒకసారి తోలిన చోట మళ్లీ తోలలేదు. పాట కూడా వద్దన్నాడు.

"మరి నేర్చినవని ఎట్ల తెలుస్తది?" అంది రెబెకా.

"తప్పు ఎంత ముందుగాల తెలుస్తదో చూస్త."

మొదట ట్రాలీ అడ్డం తిరిగాకే తెలిసేది. తర్వాత మూల ఒరగగానే. చివరికి, ఇంకా ఒరగకముందే వెన్నులో ఒక జంకు. వెంటనే ఆగి, కాస్త ముందుకు పోయి, సరిచేసుకుని మళ్లీ వెనక్కి.

పోటీలోనూ అట్లాగే తోలాడు. మాటిమాటికీ ఆగాడు.

"అరే, బండి తోలుతుండా, బర్రెను మేపుతుండా!" జనం ఈలలు వేశారు.

వనపర్తి నుంచి వచ్చిన బాలస్వామి కూడా గూటం పడకుండానే, అందులో సగం సేపట్లో గీత దాటాడు. నరేందర్ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"పటేలా, నాకు ఒక్క గూటమన్న పడలే గదా," అన్నాడు యేసుబాబు.

"పడలే. గింత భయపడేటోనికి బండెట్లియ్యాల్రా?"

భయమేనా అది? ఇంటికి పోయేదాకా అదే తొలిచింది. రెబెకా అప్పటికే మూట కడుతోంది.

"ఇప్పుడు ముందే తెలుస్తది రెబెకా. తప్పు కాకముందే."

"తెలిసి ఏం చేద్దామయ్యా?"

మర్నాడు లారీ ఇరుకు సందులో వెనక్కి మళ్లుతోంది. మూటల మధ్య రెబెకా కడుపు పట్టుకుని కూర్చుంది. డ్రైవర్ చూడకముందే యేసుబాబు మెడ తిరిగింది.

"గోడ! ఆపు!"

లారీ ఆగింది. కొంచెం ముందుకు జరిగి, సరిచేసుకుని, మళ్లీ వెనక్కి కదిలింది, పుణె దారికి.