గేటు పక్కన కుర్చీ

కుట్టుమిషను దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా సరిగ్గా ఏడడుగులు. మిషనత్తయ్య ఇల్లు అంతే మరి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ మొండికేసిన ఆమె మొగుడికి ఆ ఏడడుగులూ ఏ మూలకీ చాలవని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. "నడిపించాలమ్మా, రోజూ నడిపించాలి. నెల్లాళ్లు కూర్చోబెట్టారంటే ఆ కాలు ఇక కర్రే" అన్నాడు. వీధిలో నడిపిద్దామంటే ఒకవైపు స్కూటర్లు, ఒకవైపు తోపుడుబళ్లు, మధ్యలో గుంటలు. ఇక మిగిలింది వీధి చివరున్న పార్కొక్కటే.

ఆ పార్కు గేటు చేసింది ఆయనే. అప్పట్లో ఇనప పనిలో ఆయన్ని మించినవాడు లేడు. అందుకే వీధంతా ఇనప మావయ్య అంటుంది. రెండు రెక్కల గేటు, నిలువెత్తు, పైన పువ్వుల్లాంటి వంకీలు. అది పెట్టినప్పుడు ఆఫీసువాళ్లు వచ్చి ఫోటో దిగారు. తర్వాత దానికో గొలుసు, తాళం వేసి, తాళంచెవి పట్టుకుపోయారు. పొద్దున్న పదింటికి తీస్తారు, సాయంత్రం ఐదింటికి వేస్తారు. అంటే ఆఫీసు ఎప్పుడు పని చేస్తుందో జనం కూడా అప్పుడే షికారు చెయ్యాలన్నమాట. పనీపాటా ఉన్నవాళ్లెవరు పదింటికి పార్కుకి వెళ్తారు? మిట్టమధ్యాహ్నం ఆ గేటులోంచి వెళ్లొచ్చేది పిల్లులు. వాటికి మాత్రం తాళం దేనికి?

అయినా పొద్దున్న ఆరింటికల్లా పార్కు కిటకిటలాడేది. ఎలాగంటారా? వెనకవైపు గోడ ఒక వానకి కూలింది. బాగు చేయించమని అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, చివరికి జనం అందులోంచే రావడం మొదలెట్టారు. ఆ కంతలో మోకాలెత్తు రాళ్లు మిగిలిపోయాయి. అందరూ చెంగున దాటేస్తారు. మావయ్యని మాత్రం పాలాయన ఒక చంక కిందా, ఇస్త్రీ పిన్ని ఇంకో చంక కిందా చెయ్యేసి దాటించాలి. ఇస్త్రీ పిన్నంటే మిషనత్తయ్య తోడికోడలే, పక్కింట్లోనే ఉంటుంది.

"బావగారూ, నిప్పుల పెట్టి రోజూ ఎత్తేదాన్ని, మీరో లెక్కా!" అనేది పిన్ని. మావయ్య మూతి ఒకవైపే నవ్వేది.

లోపలికి వెళ్లాక అత్తయ్య చెయ్యి వదిలేసేది. ఆయన ఎంతదాకా నడిస్తే అక్కడ, బాట అంచురాయి మీద, బట్టల మీద గీసే సుద్దతో ఒక గీత గీసేది. మొదటిరోజు గీత నాలుగడుగుల దగ్గర. రెండు నెలలకి ముప్పై ఆరు దగ్గర. కొత్త పెళ్లికూతురి జాకెట్టు కొలతల్లో తేడా వస్తే వచ్చేదేమో గానీ, ఆ గీతల్లో మాత్రం అత్తయ్య అంగుళం తేడా రానిచ్చేది కాదు.

అలా ఉండగా ఒక సోమవారం పొద్దున్నే ముందు గేటుకి బోర్డు వేలాడింది. రంగురంగుల బొమ్మ, బొమ్మలో అందరూ నవ్వుతూ నడుస్తున్నారు. కింద ఇలా రాసుంది: జనం ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి ఈ పార్కుని ఎంతమంది వాడుతున్నారో వారంరోజులు లెక్క కడతాం. వారం మొత్తానికి రెండువందల మంది రాకపోతే ఈ స్థలంలో ఆఫీసు బళ్లు నిలపడానికి షెడ్డు వేస్తాం.

"ఓస్, రెండువందలేగా! రెండ్రోజుల్లో వస్తారు" అంది పిన్ని.

బోర్డు పక్కనే ఇంకో కాగితం ఉంది. దాన్ని ముందెవరూ చూళ్లేదు. లెక్క పెట్టమన్నది ఆఫీసు పై అంతస్తువాళ్లు. కింది అంతస్తువాళ్లకి పార్కు శుభ్రం చూసే పని. పైవాళ్లు పార్కు చూడటానికి వస్తున్నారని విని కిందివాళ్లు హడలిపోయారు. లెక్క పూర్తయ్యేదాకా పార్కు నలగకుండా, గడ్డి వాడకుండా గేటు అసలు తీయకూడదని హుకుం జారీ చేసి, తాళం మీద లక్క ముద్ర కూడా కొట్టారు. అంటే ఎవరెవరు లోపలికి వస్తారో లెక్క పెట్టాలి, ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. రెండు కాగితాల మీదా సంతకాలు చక్కగా, గుండ్రంగా ఉన్నాయి.

ఆరింటికే ఒక గుమాస్తా మడత కుర్చీ, గొడుగు, అట్టకి బిగించిన కాగితాలూ తెచ్చుకుని ముందు గేటు పక్కన కూలబడ్డాడు. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, మెత్తని వాడు. గంటకోసారి కాగితం మీద సున్నా చుట్టేవాడు. అందంగా చుట్టేవాడు, మూతి ఎక్కడ కలిసిందో కూడా తెలిసేది కాదు.

లోపల డెబ్భైమంది చక్కర్లు కొడుతున్నారు. ఊచల్లోంచి అందరూ కనపడుతున్నారు. ఆయన "నమస్కారం అండీ" అని పలకరిస్తున్నాడు కూడాను.

నాలుగోరోజుకి అత్తయ్యకి సంగతి తెలిసింది. గబగబా ముందు గేటు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఇంతమందిమి ఉన్నాం కదా, సున్నా ఏంటి నాయనా?"

"మీరంతా గేటులోంచి రాలేదు కదమ్మా."

"గేటు తీస్తే వస్తాం."

"తీయకూడదమ్మా. ఇదిగో లక్క."

"పోనీ, మమ్మల్ని చూస్తున్నావుగా కళ్లారా!"

"చూడ్డం వేరు, లెక్కెయ్యడం వేరు. నా కాగితంలో ఏముందో చూడండి. 'గేటు పక్కన కూర్చుని, అక్కడినుంచి లోపలికి వెళ్లేవారిని మాత్రమే లెక్కించవలెను.' నేను కంత పక్కన కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది. ముప్పయ్యేళ్లుగా కాగితంలో ఉన్నచోటే కూర్చుంటున్నానమ్మా నేను."

"అయితే ఇక్కడ బళ్లు పెడతారా?"

ఆయన తల దించుకున్నాడు. "షెడ్డు బొమ్మ కూడా గీసేశారు. పాపం మంచి బొమ్మే."

పాలాయన ఆఫీసుకి పరిగెత్తాడు. పై అంతస్తులో తాళం సంగతి కింద అడగమన్నారు. కింద లెక్క సంగతి పైన అడగమన్నారు. ఆ రోజు ఆయన ఎక్కి దిగిన మెట్లన్ని అడుగులు పార్కులో ఎవరూ వేసుండరు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య మిషను ముందు కూర్చుంది గానీ కాలు ఆడలేదు. ఇంట్లో ఏడడుగులు. ఆ ఏడడుగుల్లోనే ఈ మనిషి కర్రయిపోతాడా అనుకుని కళ్లు తుడుచుకుంది. జరిగిందంతా మావయ్యకి చెప్పింది. ఆయనకి మాట సరిగ్గా రాదు, వచ్చినా రెండు ముక్కలే. అంతా విని, ఎడంచేత్తో దారపు రీళ్లు రెండు తీసుకుని బల్లమీద నిలువుగా పెట్టాడు. కత్తెర తీసి, దాని రెండు పిడుల్నీ ఆ రీళ్ల మీద తగిలించాడు. తర్వాత కత్తెరని నిటారుగా పైకి ఎత్తేశాడు. ఊడొచ్చేసింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎత్తాడు.

అత్తయ్యకి ముందు అర్థం కాలేదు. పిన్ని వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"అక్కా, గేటు! బావగారు చేసిన గేటే కదా! స్తంభాల్లో ఉన్న ఇనప శీలల మీద కూర్చోబెట్టారంతే. పైకెత్తితే వచ్చేస్తుంది!"

మావయ్య తల ఊపాడు. "రంగు... కోసం" అన్నాడు. రంగు వెయ్యాలంటే విప్పేందుకు వీలుగా అలా చేశాడట ఆ రోజుల్లో. పెట్టిన దగ్గర్నుంచి ఎవరూ ఒక్కసారి కూడా రంగు వెయ్యలేదు, అది వేరే సంగతి.

"తాళమో?" అంది అత్తయ్య.

"తాళం దాని మానాన అది ఉంటుంది. గొలుసుతో సహా రెండు రెక్కలూ కలిపి ఎత్తేద్దాం. తాళం తీయకూడదన్నారు గానీ, గేటు ఎత్తకూడదని ఎవడన్నాడు?" అంది పిన్ని.

ఏడోరోజు, లెక్కకి అదే ఆఖరిరోజు, ఇంకా ఆరు కాకుండానే పదిమంది చేరారు. మావయ్య కుర్చీలో కూర్చుని ఎడంచెయ్యి ఎత్తి చూపించాడు, ఇటు, అటు, ఇప్పుడు. ఒక్క ఊపున లేపారు. కిర్రుమని ఒక మూలుగు మూలిగి గేటు గాల్లోకి లేచింది. తెరిచిన పుస్తకంలా ఉన్న దాన్ని అలాగే మోసుకుంటూ పార్కు చుట్టూ తిరిగి, వెనకాల కంత పక్కన గోడకి చేరేసి నిలబెట్టారు. లక్క మీద చిన్న బీట కూడా లేదు.

గుమాస్తా వచ్చాడు. ముందు రెండు స్తంభాలు, మధ్యలో ఖాళీ. కుర్చీ చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"గేటేదమ్మా?"

"వెనకాల ఉంది బాబూ" అంది అత్తయ్య, ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది అన్నంత మామూలుగా.

ఆయన వెనక్కి వెళ్లి చూశాడు. ముందుకొచ్చి స్తంభాలు చూశాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు. చెమటలు పట్టాయి పాపం. కింది అంతస్తు పెద్దాయన ఇంటికి ఫోను చేశాడు.

"సార్, గేటు..."

"తాళం ఉందా?" అంది ఫోను, పక్కనున్నవాళ్లందరికీ వినపడేలా.

"ఉంది సార్."

"లక్క?"

"చెక్కుచెదరలేదు సార్."

"ఎవరైనా తీశారా?"

"తీయలేదు సార్, కానీ..."

"మరింకేంటయ్యా నీ గోల? పొద్దున్నే!" టక్కున పెట్టేశారు.

గుమాస్తా అట్టమీది కాగితం తీశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. పెదాలు కదిలిస్తూ చదువుకున్నాడు. వీధంతా ఆ పెదాలే చూస్తోంది. అత్తయ్య చేతిలో సుద్దముక్క పొడైపోయింది.

"గేటు పక్కన కూర్చుని..." అన్నాడు పైకే. ముందున్న స్తంభాల వైపు చూశాడు. "ఇక్కడ కూర్చుంటే ఆజ్ఞ తప్పినవాణ్ణవుతాను" అన్నాడు. నెమ్మదిగా కుర్చీ తీసుకెళ్లి, గేటుకి ఆనుకుని, కంత పక్కనే వేసుకున్నాడు. గొడుగు విప్పాడు. పెన్సిలు నాలికకి తడుపుకున్నాడు.

ముందువైపు కోటగుమ్మంలా బార్లా తెరుచుకుని ఉంది. ఒక్కడంటే ఒక్కడు అటునుంచి వెళ్లలేదు. అందరూ రాళ్లు దాటుకుంటూ వెనకనుంచే.

"ముందు మావయ్య వెళ్లాలి" అంది పిన్ని. పాలాయన చెయ్యి వెయ్యబోతే మావయ్య వద్దన్నాడు. గోడ పట్టుకుని ఎడంకాలు అవతల పెట్టాడు. కుడికాలు రాలేదు. రాళ్ల మీద అలాగే ఆగిపోయాడు. వెనకాల వరస పెరిగిపోతోంది.

గుమాస్తా పెన్సిలు గాల్లోనే ఆపాడు. "తొందరేం లేదండీ. కాకపోతే ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉంటే సగం రాయాల్సొస్తుంది. సగానికి నా కాగితంలో గడి లేదు."

మావయ్యకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏం జరిగిందో, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి లోపల పడింది.

"ఒకటి" అన్నాడు గుమాస్తా, గట్టిగా.

ఇక చూస్కోండి. నడిచేవాళ్లు, నడవనివాళ్లు, ఉప్పు కొనడానికి బయల్దేరినవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ వచ్చారు. చంటిపిల్లలకి వేరే గీత పెట్టాలా అన్నది గుమాస్తాకి కాసేపు పెద్ద సందేహమైంది. "వాళ్లు కూడా లోపలికే కదా వెళ్లారు" అని పెట్టేశాడు. పొద్దుగూకేసరికి మూడువందల నలభై ఒకటి. ఆరు రోజుల సున్నాల కింద ఆ అంకె రాసి, సరిగ్గా పడిందో లేదోనని రెండుసార్లు చూసుకున్నాడు. సున్నా కాని అంకె రాసి చాలాకాలమైనట్టుంది.

మర్నాడు పార్కుల ఆఫీసరు కారు దిగాడు. చేతిలో పటం, పటంలో గేటు ముందువైపు. ఎదురుగా గేటు వెనకవైపు.

"దీన్నెవరు ఇక్కడికి తెచ్చారు?" అని గుడ్లురిమాడు.

కింది అంతస్తువాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. గేటు కదిలిందని ఒప్పుకుంటే తాళం వేసి, ముద్ర కొట్టి వాళ్లు కాపలా కాసిందేంటి? "ముద్ర చెక్కుచెదరలేదు సార్. తాళం వేసిన గేటు ఎలా కదులుతుంది?" అన్నారు.

"అంటే?"

"మొదట్నుంచీ ఇక్కడే ఉండుంటుంది సార్."

ఆఫీసరు లక్కని గోటితో గీకి చూశాడు, పటం చూశాడు, ముచ్చటపడి గీయించుకున్న షెడ్డు బొమ్మ చూశాడు. లెక్క కాగితం చూశాడు. మూడువందల నలభై ఒకటిని కాదంటే, ఆ లెక్క పెట్టమన్న సంతకం తనదే. చాలాసేపు ఆలోచించి పటాన్ని తలకిందులు చేసి పట్టుకున్నాడు. అప్పుడు అన్నీ సరిపోయాయి.

"పటం తప్పు పడింది, దిద్దించండి. ఆ ముందువైపు కంత ఏంటి? అనుమతి లేకుండా ఎవరు చేశారు? వెంటనే మూసేయించండి. గేటు దగ్గర ఆ రాళ్లేంటి, జనం పడిపోరూ? చదును చెయ్యండి."

ఎన్ని అర్జీలకీ కదలని పని రెండ్రోజుల్లో అయిపోయింది. మేస్త్రీ వచ్చి ముందువైపు గోడ కట్టేశాడు. వెనకాల రాళ్లు తీసి, నేల చదును చేసి, సిమెంటు పోశాడు. గేటు మాత్రం అలాగే గోడకి చేరబడి ఉంది, గొలుసూ తాళంతో, దేన్నీ మూయకుండా. దాని పక్కనుంచి జనం ఏ వేళకైనా వస్తున్నారు, పోతున్నారు. పదింటికి ఆఫీసు మనిషి వచ్చి తాళం తీస్తాడు, ఐదింటికి వచ్చి వేస్తాడు. పాపం, ఒక్కరోజు కూడా మానలేదు.

సిమెంటు ఆరిన రోజు పొద్దున్న మావయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి వెళ్లాడు. ముప్పై ఆరో గీత దాటాడు. నలభై దాటాడు. నలభై మూడు దగ్గర ఆగాడు. అత్తయ్య వంగి గీత గీసింది. లేచేటప్పుడు నడుము పట్టేసింది గానీ పైకి అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఎడంచేత్తో ఊచ పట్టుకుని ఊపాడు. వంకీ మీద బొటనవేలు రుద్దాడు. వేలికి ఎర్రగా తుప్పంటింది. దాన్ని ఆమెకి చూపించాడు.

"రంగు వెయ్యాలి" అన్నాడు.

మధ్యలో ఎక్కడా ఆగకుండా అన్నాడు.

"వేద్దురుగాని. ముందు ఇంటికి పదండి, మిషను మీద పని అలాగే ఉండిపోయింది" అంది అత్తయ్య.