పాస్టరమ్మ సెలవు

"మోటారు కట్టెయ్! ట్యాంకు పొంగిపోతోంది!"

మా ఆయన పడక్కుర్చీలోంచి కేకేశారు. స్విచ్చు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. కానీ ఇవాళ విశ్రాంతి దినం. పాస్టరుగారు స్విచ్చు నొక్కితే అది పని అవుతుంది. నేను వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి నొక్కితే మాత్రం పరిచర్య.

మా ఇంట్లో ఏది పనో, ఏది కాదో తేల్చేది ఆయనే. పొయ్యి వెలిగించడం పని. అందుకని వారమంతా బట్టల ఫ్యాక్టరీలో మిషన్ మీద వంగి కుట్టిన నడుముతోనే ముందురోజు సాయంత్రం పదిమందికీ వండి మూతలు పెట్టాలి. వడ్డించడం పని కాదు, అతిథి మర్యాద. గిన్నెలు తోమడం పని కాదు, శుభ్రత. మందిరంలో తివాచీలు దులిపి కుర్చీలు వేయడం అసలే పని కాదు, అది భాగ్యం. ఇన్ని భాగ్యాలు నాకొక్కదానికే ఎందుకు పట్టాయో తెలియదు. పక్కవాళ్ళకు కాస్త పంచిపెడితే నాకేం అభ్యంతరం లేదు.

పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను. నువ్వూ, నీ కొడుకూ, కూతురూ, పనివాడూ, పనిమనిషీ, నీ గొడ్డూ, ఇంటికొచ్చిన పరాయివాడూ అందరూ విశ్రాంతి దినాన పని మానాలని బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒక ఆజ్ఞలో ఉంది కదా, మరి భార్య మాటేమిటండీ అని. ఆయన ముచ్చటగా నవ్వారు. "పిచ్చిదానా, మనిద్దరం ఒకే శరీరం. 'నువ్వు' అన్నప్పుడే అందులో నువ్వూ ఉన్నావు. నేను విశ్రాంతి తీసుకుంటే నువ్వు తీసుకున్నట్టే" అన్నారు. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒకే శరీరమైతే నడుం నొప్పి నాకొక్కదానికే ఎందుకొస్తుంది?

ఈ ఉదయం ఆరాధనలో ఆయన ప్రసంగం కూడా విశ్రాంతి గురించే. పాస్టరమ్మని కాబట్టి నేను మొదటి వరుసలో కూర్చోవాలి. ఫ్యాను గాలి తగిలింది. నన్నెవరూ పిలవని అరగంట వారం మొత్తంలో అదొక్కటే. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. అత్తయ్య తొడ మీద గిచ్చితే ఉలిక్కిపడి లేచాను. ఆయన ప్రసంగం ఆపి నన్నే చూస్తున్నారు. "దేవుని సన్నిధిలో భయభక్తులుండాలి. కొందరు గొడ్డులా పడి నిద్రపోతారు. అలాంటివాళ్ళు ఎక్కడో లేరు, మన ఇళ్ళల్లోనే ఉన్నారు" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత కోపం వచ్చింది. దేవుడి మీద కాదు. ఆరు రోజులు కష్టపడి లోకాన్ని చేసి ఏడో రోజు కూర్చున్నవాడికి నా నడుం సంగతి తెలియకుండా ఉండదు. తెలియనిది ఆ దేవుడి పేరు చెప్పుకుని పడక్కుర్చీ ఎక్కినవాళ్ళకే.

మోటారు కట్టి వచ్చేసరికి మా ఆయన కుర్చీలోంచి లేచి భోజనాల బల్ల దగ్గరికి చేరారు. సంఘపెద్దలు అప్పటికే కంచాల ముందు కూర్చుని ఉన్నారు.

"ప్రసంగంలో భలే చురక అంటించారు పాస్టరుగారూ" అని కోశాధికారి ఇకిలించాడు.

"ఏం చేస్తామండీ, మన గొడ్డుని మనమే అదిలించుకోవాలి" అని ఆయన పగలబడి నవ్వారు. అందరూ నవ్వారు. అత్తయ్య కూడా.

కూరగిన్నె మూత తీయబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆజ్ఞలోని వరుస మళ్ళీ గుర్తొచ్చింది. కొడుకూ, కూతురూ, పనివాడూ, పనిమనిషీ, గొడ్డూ. గరిటె తీసుకెళ్ళి ఆయన ఖాళీ కంచంలో పెట్టాను. వెళ్ళి ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాను.

"ఏంటిది? లేచి వడ్డించు" అన్నారు ఆయన, నవ్వు ఇంకా పూర్తిగా పోని మొహంతో.

"లే అమ్మాయ్, పెద్దవాళ్ళు చూస్తున్నారు" అని అత్తయ్య కంగారుపడింది.

"భార్యకి ఆజ్ఞలో చోటు ఎక్కడుందా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్నానండీ. ఇవాళ మీరే చూపించారు, అందరి ముందూ. గొడ్డుకి సెలవుంది" అన్నాను.

కళ్ళు మూసుకున్నాను. గరిటె ఎవరు అందుకుంటారో చూడాలని కూడా అనిపించలేదు.